ఆ లెక్కలు మా ఊళ్ళవి

ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్
డాక్టర్ టెడ్రోస్ అధనోమ్ గెబ్రెయేసస్ గారికి,



మీ సంస్థకు ఆరు అధికార భాషలున్నాయి. ఈ ఉత్తరం వాటిలో దేనిలోనూ లేదు. తెలుగులో ఉంది, రాస్తున్నది తమిళనాడులోని తిరుత్తణి నుంచి. 1960 ఏప్రిల్ 1 దాకా మా తాలూకా ఆంధ్రప్రదేశ్‌లో, చిత్తూరు జిల్లాలో ఉండేది. ఇప్పుడు తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. పళ్ళిపట్టు, పొదటూరుపేట వైపు వెళితే మగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాట ఇవాళ్టికీ వినపడుతుంది.

మీ సంస్థ నుంచి తప్పుకుంటున్నామని అమెరికా అధ్యక్షుడు 2025 జనవరి 20న సంతకం పెట్టాడు. ఏడాది గడువు 2026 జనవరిలో తీరిపోయింది. ఈ మధ్యలోనే, 2025 మేలో, మీ సభ్యదేశాలు 2026-27 బడ్జెట్టును మీరు మొదట అనుకున్న 530 కోట్ల డాలర్ల నుంచి 420 కోట్లకు కుదించాయి. అప్పట్నుంచి టీవీ చర్చల్లోనే కాదు, మా ఊరి టీ కొట్ల దగ్గరా ఒకటే మాట. ఈ ప్రపంచ సంస్థలన్నీ దేనికి? యుద్ధం ఆపలేవు, పెద్ద దేశాన్ని నిలదీయలేవు, ఏడాదికోసారి సమావేశమై తీర్మానాలు అచ్చేసుకుంటాయి అని. ఇందులో అబద్ధం పెద్దగా లేదు. ఉక్రెయిన్ విషయంలో, గాజా విషయంలో భద్రతా మండలి వీటోల మధ్య ఎలా చతికిలబడిందో అందరం చూశాం. కానీ ఈ వాదనలో మా జిల్లా దగ్గర ఒక సాక్ష్యం ఉంది. మీకు పూర్తిగా అనుకూలమైన సాక్ష్యమేమీ కాదు. మిమ్మల్ని తిట్టేవాళ్ళకూ పూర్తిగా పనికిరాదు. అందుకే చెప్పాలనిపించింది.

ముందు మా ఊరి మనిషి ఒకరిని గుర్తు చేస్తాను. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న ఇక్కడే పుట్టారు. రాష్ట్రపతి అయ్యారనీ, ఆయన పుట్టినరోజు టీచర్ల పండగ అనీ మా పిల్లలందరికీ తెలుసు. 1931 నుంచి కొన్నేళ్ళపాటు నానాజాతి సమితి వారి మేధో సహకార కమిటీలో ఆయన సభ్యులన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ సభ్యులుగా పనిచేసిన కమిటీ అది. ఆయన అందులో ఉండగానే నానాజాతి సమితి పరువు పోయింది. జపాన్ మంచూరియాను మింగింది, ఇటలీ మీ ఇథియోపియా మీద పడింది. 1936 జూన్‌లో మీ చక్రవర్తి హైలే సెలాసీ జెనీవాకు వచ్చి, నిండు సభలో నిలబడి న్యాయం అడిగితే ఏం దొరికిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ ఆఫీసు ఇప్పుడున్నదీ ఆ ఊళ్ళోనే.

అంత దగ్గర్నుంచి ఆ ఓటమి చూసిన మనిషి, యుద్ధం అయిపోగానే యునెస్కోకు వెళ్ళారు. 1948-49లో కార్యనిర్వాహక మండలికి, 1952లో మహాసభకు అధ్యక్షులయ్యారు. ఆయన ఒక్కరే కాదు. కర్నూలులో పుట్టిన ఆర్కాటు కవలల్లో రామస్వామి మొదలియారు 1946లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలికి మొట్టమొదటి అధ్యక్షుడు. తమ్ముడు లక్ష్మణస్వామి మొదలియారు, మద్రాసులో పేరు మోసిన డాక్టరు, మీ సంస్థ కార్యనిర్వాహక మండలికి తొలినాళ్ళలోనే అధ్యక్షుడు, 1961లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ ఆరోగ్య మహాసభకూ ఆయనే అధ్యక్షుడు. వీళ్ళెవరూ అమాయకులు కారు. ఒక సంస్థ కళ్ళ ముందు కూలాక ఇంకోటి కట్టడానికి ఎందుకు పూనుకున్నారన్నది నన్ను చాలాకాలం తొలిచిన ప్రశ్న. జవాబు వాళ్ళ ఉపన్యాసాల్లో నాకు దొరకలేదు. మా జిల్లా క్షయ లెక్కల్లో కొంత దొరికింది.

తిరువళ్ళూరులో దేవుడే వైద్యుడు. వైద్య వీరరాఘవస్వామి అంటారు. అమావాస్య రోజున జనం వచ్చి, బెల్లం కరిగినట్టు రోగం కరగాలని మొక్కుకుని కోనేట్లో బెల్లం వేస్తారు. క్షయ మాత్రం వందల ఏళ్ళుగా కరగని రోగం. 1948లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో బీసీజీ టీకా తయారీ మొదలైంది. దేశంలో దాన్ని తొలిసారి పరీక్షగా వేసిన రెండు చోట్లలో ఒకటి మదనపల్లె, అంటే అప్పటి మా చిత్తూరు జిల్లాయే. తర్వాత యునిసెఫ్, మీ సంస్థ తోడై దేశమంతా వేశారు. అప్పటి కేంద్ర ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ దాని వెనక గట్టిగా నిలబడ్డారు. 1950లో మీ ప్రపంచ ఆరోగ్య మహాసభకు అధ్యక్షత వహించింది కూడా ఆమే.

ఎదురు నిలబడింది ఎవరో తెలుసా? రాజాజీ. గవర్నర్ జనరల్‌గా, మద్రాసు ముఖ్యమంత్రిగా పనిచేసిన మనిషి, 1955లో బీసీజీని తానెందుకు వ్యతిరేకిస్తున్నాడో చెబుతూ ఒక పుస్తకమే అచ్చు వేయించాడు. టీకా పనిచేస్తుందని రుజువు ఎక్కడుంది, రుజువు లేనిదాన్ని కోట్ల పిల్లలకు ఎలా పొడుస్తారు అన్నది ఆయన వాదన సారం. డాక్టర్లు ఆయన్ని చాదస్తుడన్నారు. ఆయన వాదనలో సగం భయం, సగం పట్టుదల. కానీ రుజువేది అన్న ముక్క మాత్రం చాదస్తం కాదని ఇరవై నాలుగేళ్ళ తర్వాత తేలింది, మా పల్లెల్లోనే. అప్పటికి ఆయన లేడు.

దానికన్నా ముందు 1956 సంగతి చెప్పాలి. ఆ ఏడాది మీ సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి, మా దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం కలిసి నగరంలో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టాయి. చేట్‌పట్‌లో ఉంటుంది, ఇప్పటి పేరు జాతీయ క్షయ పరిశోధన సంస్థ. వాలేస్ ఫాక్స్ అనే బ్రిటిష్ డాక్టరు అక్కడ ఒక చిన్న ప్రశ్న వేశాడు. క్షయ రోగిని శానటోరియంలో మంచి గాలికి, మంచి తిండికి ఏడాదిపాటు పడుకోబెడితేనే నయమవుతుందా, ఇంట్లో ఉంచి మాత్రలిస్తే కాదా? 193 మంది పేద రోగుల్ని చీటీ వేసినట్టు రెండుగా విడదీసి, సగంమందిని శానటోరియానికి పంపారు, సగంమందిని ఇంట్లోనే ఉంచారు. మందులు రెండు గుంపులకూ ఒకటే. ఇరుకు ఇళ్ళలో, అరకొర తిండితో, కొందరు కూలికి కూడా వెళుతూ మాత్రలు మింగినవాళ్ళు, పరుపుల మీద పడుకున్నవాళ్ళకు దీటుగా కోలుకున్నారు. ఇంట్లోవాళ్ళకు జబ్బు అంటుకోవడమూ పెరగలేదు. 1959లో మీ సంస్థ బులెటిన్‌లోనే ఆ ఫలితం వెలువడింది. లోకమంతటా శానటోరియాల కాలం చెల్లిపోవడంలో ఆ ఒక్క అధ్యయనం పాత్ర చాలా పెద్దది. పడకల్లేని దేశాలకు అది ప్రాణదానం.

ఈ పనిని మద్రాసు ప్రభుత్వం ఒక్కటే చేయలేకపోయేదా? చేసి ఉండొచ్చు. నమ్మేవాళ్ళెవరు? శానటోరియాలు కట్టే స్తోమత లేక పేదవాళ్ళను ఇంటికి పంపడానికి సాకు వెతికారని అనేవాళ్ళు. బ్రిటన్ ఒక్కటే చేస్తే తెల్లవాళ్ళ మీద వేరే అనుమానం. ఏ పక్షానికీ చెందని పేరు ఒకటి మధ్యలో ఉండబట్టి ఆ ఫలితానికి విలువ వచ్చింది. రాధాకృష్ణన్‌లాంటి వాళ్ళు ఓడిపోయిన సంస్థ స్థానంలో ఇంకోటి ఎందుకు కోరుకున్నారన్నదానికి నాకు దొరికిన మొదటి ముక్క ఇది.

రెండో ముక్క ఇంకా పెద్దది. 1968లో అప్పటి చెంగల్పట్టు జిల్లాలో, మద్రాసుకు పడమటి వైపు పల్లెల్లో, బీసీజీ నిజంగా క్షయను ఆపుతుందా అన్న పరీక్ష మొదలైంది. తిరువళ్ళూరు అప్పుడు ఆ జిల్లాలోదే, 1997లో వేరు జిల్లా అయింది. ఐసీఎంఆర్ నడిపింది, మీ సంస్థ, అమెరికా ప్రజారోగ్య శాఖ తోడు నిలిచాయి. 209 పంచాయతీలు, సుమారు 3,60,000 జనాభా. ఇంటింటికీ వెళ్ళి పేర్లు రాశారు, చేతి మీద సూది పొడిచి పరీక్ష చేశారు, ఎక్స్‌రేలు తీశారు, తెమడ పట్టారు. నెల నిండిన పసిబిడ్డ మొదలు ముసలివాళ్ళ దాకా 2,60,000 మందికి పైగా సూది వేశారు. కొందరికి ఎక్కువ మోతాదు టీకా, కొందరికి తక్కువ మోతాదు, కొందరికి మందే లేని ఉత్తుత్తి సూది. ఎవరికి ఏది పడిందో వేసినవాళ్ళకూ తెలియదు, వేయించుకున్నవాళ్ళకూ తెలియదు. లోకంలో అంతకుముందు బీసీజీ మీద అంత పెద్ద పరీక్ష జరగలేదు.

ఏడున్నరేళ్ళు గమనించాక 1979లో తొలి ఫలితం చెప్పారు. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయ విషయంలో టీకా వేసుకున్నవాళ్ళకూ, ఉత్తుత్తి సూది పడ్డవాళ్ళకూ తేడా లేదు. పదిహేనేళ్ళ లెక్క 1999లో వచ్చింది, మాట మారలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి, డాక్టర్ గారూ. మీ సంస్థ పుట్టిన ఏడాది నుంచి యునిసెఫ్‌తో కలిసి లోకమంతా తిరిగి వేయించిన టీకా అది. మీ పరువు దాని మీద ఉంది. అది అనుకున్నంత పనిచేయదని చెప్పే లెక్కను మీరు ఏ బీరువాలోనూ పెట్టి తాళం వేయలేదు. మీ సొంత బులెటిన్‌లో అచ్చు వేశారు. 1980లో నిపుణుల్ని కూర్చోబెట్టి, పసిపిల్లలకు వచ్చే మెదడు క్షయ వంటి ప్రాణాంతకమైన రకాల నుంచి బీసీజీ కాపాడుతుంది కాబట్టి బిడ్డలకు వేయడం ఆపొద్దని తేల్చారు. మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఇవాళ్టికీ పుట్టిన బిడ్డకు ఆ సూది పడుతున్నది అందుకే. రాజాజీ అడిగిన రుజువు దొరికింది. అది ఆయన్నీ పూర్తిగా గెలిపించలేదు, అమృత్ కౌర్‌నీ పూర్తిగా గెలిపించలేదు. తనకు వ్యతిరేకంగా వచ్చిన లెక్కను తానే బయటపెట్టగల సంస్థ, నా దృష్టిలో, వంద శాంతి తీర్మానాలు చేసిన సంస్థ కన్నా ఎక్కువ పనికొచ్చేది.

అలాగని ఆ చరిత్ర అంతా తెల్లగా ఉందనను. 1959 అధ్యయనం నుంచి లోకం ఇంకో పాఠం కూడా నేర్చుకుంది. మందులుంటే చాలు, తిండితో పనిలేదు అని. కోలుకోవడం గురించి వచ్చిన ఫలితాన్ని జబ్బు రాకపోవడానికి కూడా అంటగట్టారు. క్షయ వచ్చిన ఇంట్లో తిండి సంగతి ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎవరికీ పట్టలేదు. జార్ఖండ్‌లో చేసిన రేషన్స్ అనే అధ్యయనం 2023లో వెలువడింది. రోగి ఇంట్లోవాళ్ళకు అదనపు తిండి సరుకులిస్తే కొత్తగా క్షయ పడేవాళ్ళు 39 శాతం తగ్గారు, తెమడలో క్రిమి తేలేంత జబ్బైతే 48 శాతం తగ్గింది. అందులో మా చెన్నై సంస్థవాళ్ళూ ఉన్నారు. అరవై నాలుగేళ్ళు ఆలస్యం. రోగి చిక్కి శల్యమవుతాడని మా నాయనమ్మల కాలం నుంచి తెలిసిన సంగతే, కానీ లెక్క తేలేదాకా సర్కారు సొమ్ము కదలదు. తమిళనాడు 2022 నుంచి క్షయ రోగిని నమోదు చేసే రోజే బరువు తూచి, కాళ్ళ వాపు చూసి, ఊపిరి లెక్కపెట్టి, ప్రమాదంలో ఉన్నవాళ్ళను వెంటనే ఆస్పత్రిలో చేరుస్తోంది. శానటోరియాలు అక్కర్లేదన్న ఊళ్ళోనే, కొందరికి మాత్రం పడక కావాలని మళ్ళీ తెలుసుకోవాల్సి వచ్చింది.

ఇక 1999. అప్పటికి మీ సంస్థ క్షయను ప్రపంచ అత్యవసర పరిస్థితిగా ప్రకటించి ఆరేళ్ళయింది. ఆరోగ్య కార్యకర్త కళ్ళ ముందు మాత్ర మింగించే డాట్స్ పద్ధతిని లోకమంతా పెట్టమన్నారు. దగ్గరుండి వారానికి రెండుసార్లు మందులివ్వొచ్చని 1960లలోనే మద్రాసులో చేసి చూపించారన్నది ఇక్కడివాళ్ళు మురిపెంగా చెప్పుకునే సంగతి. మాదే అయిన వస్తువు జెనీవా చుట్టి మాకే వచ్చింది, పోనివ్వండి. తిరువళ్ళూరు జిల్లాలో ఐదు పంచాయతీ యూనియన్లు, సుమారు 5,80,000 జనాభా ఉన్న ప్రాంతంలో డాట్స్ పెట్టి, నిజంగా జబ్బు తగ్గుతోందా అని మళ్ళీ మళ్ళీ లెక్క తీశారు. డబ్బులో కొంత అమెరికా సహాయ సంస్థ యుఎస్ఎయిడ్ ఇచ్చింది, మీ ఢిల్లీ ప్రాంతీయ కార్యాలయం ద్వారా వచ్చింది.

ఆ లెక్క తీసిన పద్ధతి గురించి చెప్పాలి, ఎందుకంటే గుణమంతా అందులోనే ఉంది. ఆస్పత్రికి వచ్చినవాళ్ళను లెక్కపెట్టడం తేలిక. వీళ్ళు అలా చేయలేదు. పదిహేనేళ్ళు దాటినవాళ్ళను ఒక్కో విడతలో ఎనభై వేలమందికి పైగా, ఇళ్ళకు వెళ్ళి పరీక్షించారు. దగ్గుందా అని అడిగారు, ఎక్స్‌రే తీశారు, అనుమానం ఉంటే తెమడ తీసుకుని క్రిమిని పెంచి చూశారు. 1999-2001లో లక్షకు 600 పైచిలుకు మందికి క్షయ తేలింది. 2001-03లో 450. 2004-06లో 310. ఐదారేళ్ళలో సగం! లోకంలో ఎక్కడ డాట్స్ గురించి వాదన వచ్చినా తిరువళ్ళూరు పేరు చెప్పేవాళ్ళు.

తర్వాత 2006-08లో నాలుగో విడత తీశారు. 388.

తగ్గిన అంకెను పండగ చేసుకున్నంత గట్టిగా పెరిగిన అంకెను ఎవరూ చెప్పలేదు. కానీ అది కూడా అచ్చయింది. అచ్చు వేసినవాళ్ళకు నా దండం. అదే ప్రాంతంలో ఇంకో చిన్న అధ్యయనం 2002లో వచ్చింది. మందులు మధ్యలో మానేసేది ఎవరంటే, మగవాళ్ళు, తాగుడు అలవాటున్నవాళ్ళు, ఇదివరకే ఒకసారి మందులు వాడినవాళ్ళు, ఆస్పత్రికి తామే రాకుండా సర్వేవాళ్ళు ఇంటికొచ్చి కనిపెట్టినవాళ్ళు. చివరి మాట చూడండి. తలుపు తట్టి, నీకు జబ్బుందని చెప్పినంత మాత్రాన మనిషి నమ్మడు. ఒంట్లో బాగోలేదని తనకు తెలియాలి. ఈ మాట ఏ జెనీవా సభలోనూ పుట్టేది కాదు. తిరువళ్ళూరు వీధుల్లో తిరిగితే పుట్టింది.

ఆ డబ్బిచ్చిన యుఎస్ఎయిడ్ 2025 జూలైతో మూతపడింది. మీ ఖజానాలో దేశాలు తప్పనిసరిగా కట్టే చందా వాటా చిన్నది. మిగతాదాంట్లో చాలా భాగం ఇచ్చేవాళ్ళు ఫలానా పనికే అని ముడివేసి ఇస్తారు. ఇచ్చేవాడికి నచ్చిన జబ్బుకు డబ్బు, నచ్చని లెక్కకు లేదు. చందాను విడతల వారీగా పెంచుకుంటూ 2030 నాటికి బడ్జెట్టులో సగానికి తెస్తామని మీ సభ్యదేశాలు 2022లో ఒప్పుకున్నాయి, 2025 మేలో ఇంకో 20 శాతం పెంచాయి. నా మటుకు నాకు మీ సంస్థ గురించి ఈ మధ్య వచ్చిన వార్తల్లో ముఖ్యమైనది ఇదే. మహమ్మారి ఒప్పందం మీద పేపర్లు పేజీలు నింపాయి, చందా పెంపు మూలకు పోయింది.

నచ్చని లెక్క అన్నాను కాబట్టి రెండు సంగతులు మొహమాటం లేకుండా చెబుతాను. 2022 మేలో, కోవిడ్ రెండేళ్ళలో భారతదేశంలో అదనంగా చనిపోయినవాళ్ళు 47 లక్షల దాకా ఉంటారని మీరు అంచనా ప్రకటించారు. మా ప్రభుత్వ లెక్క ఐదు లక్షల లోపు. మీ పద్ధతే తప్పని ప్రభుత్వం గట్టిగా అభ్యంతరం చెప్పింది. అభ్యంతరాన్ని పక్కన పెట్టి మీరు అంచనాను ప్రచురించారు. ఆ పద్ధతిలో లోపాలుంటే ఉండొచ్చు, వాదించనివ్వండి. 1979లో మీకు వ్యతిరేకమైన అంకెను అచ్చు వేసిన ధైర్యమే అప్పుడూ కనిపించింది.

రెండోది మీరు నొచ్చుకునేది. 2018 మార్చి 13న ఢిల్లీలో క్షయ నిర్మూలన సదస్సు జరిగింది. లోకం 2030 అంటుంటే భారతదేశం 2025కే క్షయను తుదముట్టిస్తుందని ప్రధాని ప్రకటించారు. మీరూ ఆ సదస్సుకు వచ్చారు. ప్రభుత్వ ప్రణాళిక ప్రకారం 2025 నాటికి ఏడాదికి లక్షమందిలో కొత్త కేసులు 44కి దిగాలి. మీ సంస్థ 2025 నివేదిక 2024కు చెప్పిన అంచనా 187. తొమ్మిదేళ్ళలో 237 నుంచి 187కి దిగడం చిన్న విషయం కాదు. లోకం సగటు కన్నా వేగంగా తగ్గిందని మీ నివేదికే చెబుతోంది. కానీ 44 ఎక్కడ, 187 ఎక్కడ? ఏడేళ్ళలో అది కుదరదని చెప్పడానికి మీ దగ్గర తిరువళ్ళూరు పాఠం ఉంది. ఇంతగా కాపలా కాసి, ఇంటింటికీ తిరిగిన ప్రాంతంలోనే సగం తగ్గడానికి ఆరేళ్ళు పట్టింది, ఆ తర్వాత మళ్ళీ లేచింది. ఆ రోజు ఢిల్లీలో ఆ అంకె ఎవరైనా చదివితే బాగుండేది. ప్రపంచ సంస్థ పని ప్రభుత్వాల కలల్ని మెచ్చుకోవడం కాదు. మెచ్చుకునేవాళ్ళు ఇక్కడ కరువా?

మీ చేతిలో ఏ అధికారమూ లేదని మీరు అనొచ్చు. మా తాలూకా చరిత్రే దానికి జవాబు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి తిరుత్తణి ఎవరిదన్న గొడవ. తమిళుల పక్షాన మ.పొ. శివజ్ఞానం ఉద్యమం నడిపారు, తెలుగువాళ్ళు ఒక్క ఊరూ వదలమన్నారు. చివరికి హెచ్.వి. పాటస్కర్ అనే మధ్యవర్తికి రెండు ప్రభుత్వాలూ తలూపాయి. ఆయన దగ్గర పోలీసు లేడు, తుపాకీ లేదు. ఊరును కొలతగా పెట్టుకుని, జనాభా లెక్కలు ముందేసుకుని, ఏ ఊళ్ళో ఏ భాషవాళ్ళు ఎక్కువ, ఆ ఊరు ఎటు ఆనుకుని ఉంది అని చూశారు. తిరుత్తణి ఇటు వచ్చింది, సత్యవేడు అటు వెళ్ళింది. 1959లో పార్లమెంటు చట్టం చేసింది. మాలో చాలామందికి ఆ తీర్పు ఇవాళ్టికీ మింగుడు పడదు. అయినా అరవై ఏళ్ళు దాటినా ఆ గీత అక్కడే ఉంది. లెక్క తీసిన మనిషి రెండు పక్షాల్లో దేనికీ చుట్టం కాడని అందరికీ తెలుసు, బలమంతా అక్కడ్నుంచి వచ్చింది. మీకున్న బలమూ అంతే. అది పోగొట్టుకుంటే మీ దగ్గర మిగిలేది జెనీవాలో ఒక భవనం.

అడగాల్సినవి అడిగి ముగిస్తాను.

చెంగల్పట్టు పరీక్షలో చేతులు చాచిన 2,60,000 మందిలో బతికున్నవాళ్ళు ఇప్పుడు తాతలు, అవ్వలు. వాళ్ళలో కొందరికి టీకా పడింది, కొందరికి ఉత్తుత్తి సూది. వాళ్ళ ఒళ్ళు చెప్పిన సంగతి లండన్ చదివింది, అట్లాంటా చదివింది, మీ బులెటిన్ చదివింది. ఇంగ్లీషులో. 1959 అధ్యయనం, చెంగల్పట్టు ఫలితం, తిరువళ్ళూరు నాలుగు విడతల లెక్కలు, ఇవన్నీ కలిపి ఒక చిన్న పుస్తకంగా తమిళంలో, తెలుగులో అచ్చు వేయించండి. ఆ 209 పంచాయతీల్లో గ్రామసభ జరిగేటప్పుడు చదివి వినిపించే ఏర్పాటు చేయండి. జనవరి 26న, ఆగస్టు 15న తమిళనాడు పంచాయతీలన్నిటిలో గ్రామసభ ఉంటుంది, కొత్తగా పిలవక్కర్లేదు. మీ ఊరి నుంచి లోకం ఇది నేర్చుకుంది అని చెప్పండి. చెప్పకపోతే, ఈ ప్రపంచ సంస్థలు మాకేం చేశాయి అని టీ కొట్టు దగ్గర అడిగే మనిషిది తప్పని మేం ఎలా అనగలం? ఆ మనిషి తాత పేరే మీ రిజిస్టర్లో ఉండొచ్చు.

డబ్బు తగ్గినప్పుడు మొదట కత్తి పడేది సర్వేల మీద. మందు ఆపితే రోగి వచ్చి నిలదీస్తాడు, లెక్క ఆపితే అడిగేవాడు ఉండడు. మీ 420 కోట్ల డాలర్లలో లెక్క తీసే పనికి ఇంత అని గీత గీసి, ఆ గీత దాటి కోయబోమని బయటికి చెప్పండి. అది కూడా ఇచ్చేవాళ్ళ ముడుపుల్లోంచి కాకుండా, దేశాలు కట్టే చందాలోంచి ఇవ్వండి. అప్పుడు ఏ దేశం అలిగి లేచిపోయినా ఆ పని ఆగదు.

చివరిది చిన్నది. తిరువళ్ళూరు జిల్లాలో ఆ ఐదు పంచాయతీ యూనియన్లలో, అదే పద్ధతిలో, చెన్నై సంస్థ చేత మరోసారి ఇంటింటి లెక్క తీయించండి. కోవిడ్ వచ్చి వెళ్ళింది, మందులు మారాయి, శ్రీపెరుంబుదూరు వైపు ఫ్యాక్టరీలు పెరిగి ఊళ్ళ నిండా బయటి రాష్ట్రాల కూలీలు వచ్చారు. 388 తర్వాత అంకె ఎంతో లోకానికి అవసరమే, అంతకన్నా ముందు మాకు అవసరం. వచ్చిన అంకె మంచిదైనా చెడ్డదైనా, ఢిల్లీకి చెప్పిన రోజే తిరువళ్ళూరు కలెక్టరేట్ గోడ మీద కూడా అంటించండి.

జవాబు ఇంగ్లీషులో రాసినా ఫర్వాలేదు. చదివిపెట్టేవాళ్ళు ఇక్కడ ఉన్నారు.

ఇట్లు,
తిరుత్తణి తెలుగువాడు ఒకడు